ఉద్దుల ఆట – ఎముకల వయస్సు

చెడుగుడు ఆడే పిల్లలు జట్లుగా ఎట్లా విడిపోతారో గోదావరి లంకలలో పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ముందు ఇద్దరు నాయకులు నిలబడతారు. తక్కినవారు ఒడ్డూ పొడుగూ సరిపోయిన ఇద్దరేసి చొప్పున ఉద్దులు కట్టుకొని, దూరంగా పోయి, రహస్యంగా పేర్లు పెట్టుకొని వస్తారు. నాయకుడు ఒక పేరు కోరుకొంటాడు. ఆ పేరు గలవాడు ఇతని జట్టులోనికి, రెండవవాడు ఎదుటి జట్టులోనికి పోతాడు. ఈ ఏర్పాటులో పుట్టిన తేదీని ఎవరూ అడుగరు. బలం సమానమా కాదా అన్నదొక్కటే ప్రమాణం.

బడి ఆటలకు వచ్చేసరికి ఈ ప్రమాణం మారింది. 1954లో భారత పాఠశాల క్రీడా సమాఖ్య ఏర్పడింది. దాని పోటీలు నేడు 14, 17, 19 సంవత్సరాలలోపు వర్గాలుగా జరుగుతున్నవి. రగ్బీ ఆడే దేశాలలో కూడ బాలుర జట్లను ఎక్కువగా వయస్సునుబట్టే విభజిస్తారు. ఒక వర్గంలో మేటి అయినవాడు మరుసటి ఏడు పై వర్గంలో చిన్నవాడవుతాడు. అతడు అందుకు సిద్ధమైనాడా అన్న ప్రశ్నకు సమాధానం పంచాంగంలో దొరకదు. ఈ సంగతి తెలుసుకొనడానికి శాస్త్రానికి చాలకాలం పట్టింది.

ఫ్రాన్సు దేశంలో మోంబెయార్ అనే ప్రభువు తన కుమారుని ఎత్తును 1759 నుండి 1777 వరకు, అనగా పుట్టినది మొదలు పదునెనిమిదవ ఏడు వరకు, సుమారు ఆరునెలలకొకసారి కొలిచి వ్రాసి ఉంచాడు. ఆ కొలతలను బుఫాన్ తన ప్రకృతి చరిత్రలో ప్రకటించాడు. పెరుగుదల వేగం పసితనం నుండి క్రమంగా తగ్గి, యౌవనారంభంలో ఒక్కసారిగా పుంజుకొని, పిమ్మట ఆగిపోతుందని వాటివలన తేలుతుంది. ఈ ఉరవడి బాలికలలో సుమారు 12వ ఏట, బాలురలో సుమారు 14వ ఏట పరాకాష్ఠనందుకొంటుంది. కాని ఇది సగటు మాత్రమే. కొందరికి రెండేండ్లు ముందే వస్తుంది. మరికొందరికి రెండేండ్లు ఆలస్యమవుతుంది. కనుక ఒకే తరగతిలో, ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరు బాలుర శరీరాల మధ్య నాలుగేండ్ల అంతరం ఉండవచ్చును.

ఈ అంతరాన్ని కొలిచే సాధనం ఎక్స్ కిరణాలవలన లభించింది. పిల్లల ముంజేతి ఎముకలు మృదులాస్థి నుండి ఒక క్రమం ప్రకారం గట్టిపడతాయి. ఆ క్రమాన్ని చూపే చిత్రసంపుటిని అమెరికాలో టాడ్ 1937లో ప్రకటించాడు. 1950లో గ్రూలిక్, పైల్ అనేవారు దానిని విస్తరించారు. తరువాత ఇంగ్లండులో టానర్, వైట్‌హౌస్ ఒక్కొక్క ఎముకకు మార్కులువేసే పద్ధతిని రూపొందించారు. దాని మూడవ రూపం 2001లో వెలువడింది. 16 సంవత్సరాలలోపు క్రికెట్ ఆటగాళ్ళను పరీక్షించడానికి మన క్రికెట్ బోర్డు 2012లో ఈ పద్ధతినే చేపట్టింది. తప్పుడు జన్మతేదీలతో చిన్న వర్గంలో ఆడేవారిని అరికట్టడం దాని ఉద్దేశం. అయితే ఎముకల వయస్సు పుట్టినతేదీకి సాక్ష్యం కాదు. అది శరీరం ఎంత పక్వమైనదో చెబుతుంది. త్వరగా ఎదిగిన నిజాయితీపరుడైన బాలుడు కూడ ఈ పరీక్షలో పెద్దవానిగా కనబడవచ్చును.

పై వర్గానికి పోవడంలో ఆటకూ ఆటకూ భేదం ఉన్నది. కోనసీమలోని అమలాపురంలో 2000 ఆగస్టులో జన్మించిన రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ 2016లో తనకంటె మూడేండ్లు పెద్దవాడైన చిరాగ్ శెట్టితో జతకట్టాడు. 2018 ఏప్రిల్‌లో, పద్దెనిమిదేండ్లు నిండకముందే, కామన్వెల్త్ క్రీడలలో పురుషుల డబుల్స్ రజత పతకాన్ని గెలిచాడు. కాని బాడ్మింటన్‌లో ఇరుపక్షాల నడుమ వల ఉంటుంది. రగ్బీలోను చెడుగుడులోను ఎదుటివాని బరువు నేరుగా మన శరీరంమీద పడుతుంది. ద్రవ్యవేగం ద్రవ్యరాశిని అనుసరించి ఉంటుందని పాఠ్యపుస్తకాలలో చదువుతున్నాము. ఒకే వేగంతో పరుగెత్తే 40 కిలోల బాలునికంటె 60 కిలోల బాలుని ద్రవ్యవేగం ఒకటిన్నర రెట్లు. అందుచేతనే న్యూజీలాండులో కొన్నిచోట్ల రగ్బీ బాలురను వయస్సుతోపాటు బరువునుబట్టి కూడ విభజిస్తారు. మన కబడ్డీలోను బరువుకు పరిమితి ఉన్నది.

ఇంగ్లండులో 2015 ప్రాంతంలో బాల ఫుట్‌బాల్ ఆటగాళ్ళను, పెద్దయిన తరువాత రాగల ఎత్తులో ఎన్నవ వంతు ఎదిగారో లెక్కకట్టి, సమానులను కలిపి ఆడించి చూశారు. ముందుగా ఎదిగినవారు బలం ఒక్కటే చాలదని గ్రహించి నేర్పును ఆశ్రయించారు. ఆలస్యంగా ఎదిగేవారికి తమ నేర్పును చూపే అవకాశం దొరికింది. మన పిల్లల ఉద్దులకు ఇది శాస్త్రీయ రూపమే.

ఉపాధ్యాయులకు ఎక్స్ కిరణ యంత్రం అక్కరలేదు. మూడు నెలలకొకసారి, పాదరక్షలు లేకుండా, గోడకు ఆనించి, ఉదయంపూట ఎత్తు కొలిస్తే చాలును. సాయంకాలానికి వెన్నుపూసల మధ్యనున్న మెత్తని పొరలు అణగి ఎత్తు కొంచెం తగ్గుతుంది. మూడు నెలలలో రెండు సెంటీమీటర్లకు మించి పెరిగిన బాలుడు ఉరవడిలో ఉన్నాడని ఊహించవచ్చును. అప్పుడు ఎముక పొడవు ముందుగా పెరిగి, దాని గట్టిదనం వెనుకబడుతుంది. కండరాల బలం ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఆ నెలలలో దూకుళ్ళు, బరువులు తగ్గించాలి. మోకాలి క్రింద నొప్పి అన్నవానిని సోమరి అనరాదు. పట్టుపట్టడం, దెబ్బతగలకుండా క్రిందపడడం ముందు సమానులతో అభ్యసించి, తరువాత పెద్దవారితో మెల్లగా సాధనచేసి, ఆపైన పోటీకి దిగాలి.

ఇక పొట్టివాడని ఈ ఏడు జట్టునుండి తొలగించిన బాలుని పేరును కొట్టివేయకుండా ఉంచండి. అతని ఎదుగుదల ఇంకా మొదలుకాలేదేమో! రెండేండ్ల తరువాత అతనిని మరల కొలిచి చూడండి.