కాలదోషం పట్టిన అప్పులు

"ఆ నోటుకి మూడేళ్ళు దాటాయి, మురిగిపోయింది" అన్న మాట మన ఇళ్ళల్లో తరచు వింటూనే వుంటాం. అప్పిచ్చిన ఇంట్లో ఆ మాట దిగులు పుట్టిస్తుంది, అప్పుపడ్డ ఇంట్లో కాస్త ఊరటనిస్తుంది. పెరుగు పులుస్తుంది, కూరలు కుళ్ళుతాయి, సరే. కాగితం మీది బాకీ మురిగిపోవడమేమిటి? ఆ మూడేళ్ళ లెక్క ఎక్కణ్ణించి వచ్చింది? దాని వెనక పెద్ద కథే వుంది. అది తెలుసుకుంటే, రేపెవరైనా కాగితం చాచి "ఇక్కడో సంతకం పెట్టండమ్మా" అన్నప్పుడు ఏం చెయ్యాలో మనకే తెలుస్తుంది.

పూర్వం మన ధర్మశాస్త్రాల ప్రకారం కాలం గడిచినంత మాత్రాన అప్పు పోయేది కాదు. తండ్రి బాకీ కొడుకు తీర్చాలి, కొడుకు లేకపోతే మనవడు తీర్చాలి. జూదానికీ తాగుడికీ చేసిన అప్పులకు మాత్రం మినహాయింపు వుండేది. అలాగని అప్పులవాణ్ణి గాలికి వదిలెయ్యలేదు. కాలానికి బదులు వడ్డీకి హద్దు పెట్టారు. ఒకసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదు. నూరు రూపాయలిస్తే అసలూ వడ్డీ కలిపి రెండు వందలు దాటరాదన్నమాట. ఈ పద్ధతినే మహారాష్ట్రంలో దాందుపట్ అనేవారు.

ఇంగ్లీషువాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళు హద్దు పెట్టింది కాలానికి. 1859లో బ్రిటిష్ ఇండియాకి ఒక కాలపరిమితి చట్టం తెచ్చి, మామూలు బాకీ పత్రానికి మూడేళ్ళ గడువు పెట్టారు. ఆ గడువులోగా దావా వెయ్యకపోతే కోర్టు వినదు. ఇందులో న్యాయం లేకపోలేదు. ఏళ్ళు గడిచినకొద్దీ సాక్షులు పోతారు, రసీదులు చెదలు తింటాయి. ఎప్పుడో తీర్చేసిన బాకీని మళ్ళీ అడిగితే, తీర్చామని చూపించడానికి ఏమీ మిగలదు కదా! అప్పులవాడికి రక్షణగా వుండాలనే ఆ గడువు పెట్టారు.

మరి జరిగిందేమిటి? పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల రైతుల సంగతి చూడండి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కణ్ణించి ఇంగ్లండుకు పత్తి రావడం ఆగిపోయింది. మన పత్తికి గిరాకీ పెరిగి, షావుకార్లు రైతులకు అడిగినంత అప్పులిచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది. అదే రోజుల్లో సర్కారు భూమిశిస్తు పెంచింది. అప్పులు మాత్రం అలాగే నిలిచిపోయాయి.

మూడో ఏడు నిండవస్తోందనగా షావుకారు వచ్చి, "పత్రం తిరగరాయి, లేదా దావా వేస్తాను" అనేవాడు. తీరని వడ్డీని అసలులో కలిపి కొత్త పత్రం రాయించుకునేవాడు. లెక్క వేసి చూడండి. నూటికి ఏడాదికి పాతిక రూపాయల వడ్డీ అనుకుంటే, మూడేళ్ళకు నూరు కాస్తా నూట డెబ్బై అయిదవుతుంది. మళ్ళీ మూడేళ్ళకు తిరగరాస్తే మూడు వందలు దాటిపోతుంది. కొత్తగా చేతికొచ్చింది దమ్మిడీ లేదు! చదువురాని రైతు వేలిముద్ర వేసేవాడు. రక్షణగా పెట్టిన గడువే మెడకు ఉరితాడయింది.

1875 మే 12న పూనా జిల్లా సుపా గ్రామంలో రైతులు షావుకార్ల ఇళ్ళమీదా దుకాణాలమీదా పడ్డారు. అక్కడినుంచి చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. వాళ్ళకు ముఖ్యంగా కావలసింది పత్రాలూ, ఖాతా పుస్తకాలూ. దొరికినవి దొరికినట్టు తగలబెట్టారు. మనుషులను కొట్టడం తక్కువే.

సర్కారు విచారణ సంఘాన్ని వేసింది. దాని ఫలితంగా 1879లో దక్కను రైతుల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. మాటిమాటికీ తిరగరాయించకుండా, రిజిస్టరు కాని పత్రానికి ఆరేళ్ళు, రిజిస్టరయినదానికి పన్నెండేళ్ళు గడువు పెంచారు. పత్రంలో అంకె చూసి తీర్పు చెప్పెయ్యకుండా, మొదట ఎంత ఇచ్చారో, వడ్డీ ఎంత కలిసిందో తవ్వి చూడాలని కోర్టులకు చెప్పారు.

ఇక మన సంగతి. 1964 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకు, రాసిన తేదీనుంచి మూడేళ్ళు. ఇల్లో పొలమో తాకట్టు పెట్టిన బాకీకి పన్నెండేళ్ళు. గడువు దాటిన దావాను, ఎదుటివాళ్ళు అడగకపోయినా సరే, కోర్టు కొట్టెయ్యాల్సిందే.

అయితే గడువు లోపల "బాకీ వున్నమాట నిజమే" అని రాసి సంతకం పెడితే ఆ రోజునుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతుంది. కొంత సొమ్ము కట్టి, నోటు వెనక జమ రాసి సంతకం చేసినా అంతే. గడువు దాటాక కూడా "ఈ పాత బాకీ తీరుస్తాను" అని కొత్తగా రాసి సంతకం పెడితే చనిపోయిన బాకీ లేచి కూర్చుంటుంది!

అందుకే ఇంటి యజమాని పోయిన దుఃఖంలో వున్న ఆడమనిషి ముందు పాత నోటు పెట్టి "ఊరికే ఒక సంతకం" అంటే, అది ఊరికే సంతకం కాదు సుమా! పోయినవారి ఆస్తి మనకు ఎంత వచ్చిందో అంతమేరకే ఆ బాకీకి మన బాధ్యత. మనంతట మనం కొత్తగా రాసిచ్చామా, ఆ బాకీ మన సొంతమైపోతుంది. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మం అన్న ఒక్క కారణంతో కొడుకుమీద దావాకు వెళ్ళడం కూడా, 2005 సెప్టెంబరు తర్వాత చేసిన అప్పులకు చెల్లదు.

రెండో వైపు కూడా చూడాలి. పుట్టింటివారిచ్చిన సొమ్మో, చీటీ పాడిన డబ్బో అయినవాళ్ళకిచ్చి, మొహమాటపడి అడగకుండా వుండే ఆడవాళ్ళు ఎంతమంది! మూడేళ్ళు నిండకముందే జమ రాయించుకోండి, లేదా నోటు తిరగరాయించుకోండి. అడిగితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకుంటే రేపు కోర్టు కూడా ఆదుకోలేదు.

కాలదోషం పట్టిందంటే కోర్టు తలుపు మూసుకుందనే గాని, బాకీ తీరిపోయిందని కాదు. తీసుకున్నది నిజమైతే, చేతిలో వుంటే, తీర్చడం మర్యాదే. కాని మన ఇష్టంతో తీర్చడం వేరు, తెలియక సంతకం పెట్టి ఇరుక్కోవడం వేరు. బీరువాలో వున్న కాగితాలు ఈ వారమే బయటికి తీసి తేదీలు చూసుకోండి. అర్థంకాని కాగితం ఎదురైతే, చదివినవాళ్ళకో వకీలుకో చూపించేదాకా కలం పట్టుకోకండి.