డెజావు సాన్స్ మోనో బోల్డ్

డెజావు సాన్స్ మోనో బోల్డ్ కంప్యూటర్ తెర మీద చదవడానికి రూపొందిన దళసరి (బోల్డ్) గీతల ఖతి. అక్షరాల కొసల్లో అడ్డుగా కనిపించే చిన్న గీతలను సెరిఫ్‌లు అంటారు. అవి లేని శైలి సాన్స్-సెరిఫ్. సన్నని అక్షరానికీ వెడల్పాటి అక్షరానికీ ఒకే చోటు కేటాయించే పద్ధతి మోనోస్పేస్. దీనినే స్థిర వెడల్పు అనవచ్చు.

ఈ ఖతికి మూలం బిట్‌స్ట్రీమ్ సంస్థ కోసం జిమ్ లైల్స్ రూపొందించిన వెరా ఖతుల కుటుంబం. ఉచిత సాఫ్ట్‌వేర్ సంస్థ గ్నోమ్ ఫౌండేషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం 2003లో బిట్‌స్ట్రీమ్ వెరాను ఉచితంగా విడుదల చేస్తూ, మార్పులు చేసినవారు పేరు కూడా మార్చాలని షరతు పెట్టింది. వెరా ప్రధానంగా పశ్చిమ ఐరోపా భాషల లిపికే పరిమితం కావడంతో, మరిన్ని భాషల అక్షరాలను చేర్చడానికి ష్టెపాన్ రో 2004లో డెజావు ప్రాజెక్టును ప్రారంభించాడు. దాని 2.37 వెర్షన్ 2016లో వెలువడింది.

రూపకల్పనలోని అసలు చిక్కు బోల్డ్ వద్దనే ఎదురవుతుంది. మామూలు ఖతిలో గీత లావెక్కితే అక్షరం కొంత పక్కకు విస్తరించి చోటు చేసుకుంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అక్షరాన్ని గీయడానికి ఆధారమైన ఊహా చతురస్రం భుజం 2048 యూనిట్లు కాగా, సాధారణ రూపంలోనూ బోల్డ్‌లోనూ ప్రతి అక్షరానికీ దక్కే వెడల్పు 1233 యూనిట్లే. అందువల్ల పెరిగిన లావు అక్షరం లోపలి ఖాళీని ఆక్రమిస్తుంది. మూడు నిలువు గీతలున్న చిన్న ‘ఎమ్’ ఎక్కువగా ఇరుకున పడుతుంది కనుక, దాని గీతలను తక్కిన అక్షరాల గీతల కంటే సన్నగా ఉంచక తప్పలేదు. ఇందుకు భిన్నంగా ‘ఐ’, ‘ఎల్’ తమకు దక్కిన చోటును నింపలేవు. వాటికి అడ్డగీతలు, వంపు తోకలు జోడించారు. సాన్స్-సెరిఫ్ అని పేరు పెట్టుకున్న ఖతిలో ఇది నియమోల్లంఘనే అయినా, ఒకటి అంకెనూ ఈ అక్షరాలనూ పొరబడకుండా కాపాడేది ఆ ఉల్లంఘనే. సున్నా లోపలి గుర్తు దానిని పెద్ద ‘ఓ’ నుంచి వేరుచేస్తుంది.

ప్రోగ్రాములు రాసే ఎడిటర్లలోనూ, ఆదేశాలను టైపు చేసే టెర్మినల్ తెరల మీదా కీలక పదాలను, హెచ్చరికలను ఎత్తిచూపడం దీని ముఖ్య ప్రయోజనం. వెడల్పు మారదు కాబట్టి ఒక పదాన్ని బోల్డ్ చేసినా కింది వరుసలతో పొందిక చెదరదు. బోల్డ్ రూపం విడిగా లేని ఖతులలో కంప్యూటరే గీతలను కృత్రిమంగా మందం చేస్తుంది. ఆ ఫలితం చిన్న పరిమాణంలో అలుక్కుపోయినట్లుంటుంది. పొడవైన పేరాలకు మాత్రం ఈ ఖతి తగదు.

ఆపిల్ 2009లో తన మ్యాక్ కంప్యూటర్లకు ప్రవేశపెట్టిన మెన్లో ఖతి కూడా ఈ వంశానిదే.

డెజావులో తెలుగు అక్షరాలు లేవు. ప్రోగ్రాములో తెలుగు పాఠం ఉంటే కంప్యూటర్ దానిని మరో ఖతి నుంచి తెచ్చి చూపుతుంది. వత్తులు, గుణింతాలతో తెలుగు అక్షరాల వెడల్పు మారుతూ ఉంటుంది కాబట్టి, అటువంటి వరుసల్లో నిలువు పొందికను ఆశించకూడదు.