రామళ్ళకోట సానచక్రాలు

మంత్రాలయం వెళ్ళివచ్చినవారికి ఆదోని పేరు కొత్త కాదు. తుంగభద్ర ఒడ్డున రాఘవేంద్రస్వామి 1671లో సమాధి చెందిన మంచాల గ్రామాన్ని ఆయనకు దానమిచ్చినవాడు ఆదోని పాలకుడు సిద్దీ మసూద్ ఖాన్ అని మఠ సంప్రదాయం చెప్పుచున్నది. ఆదోని జామియా మసీదును కట్టించినది కూడా ఈ హబ్షీ సర్దారే. బిజాపూరు ఆదిల్‌షాహీల పక్షాన ఆయన ఏలిన కోట 1688లో ఔరంగజేబు సైన్యాలకు లొంగిపోయింది. మసీదూ మఠమూ నేటికీ నిలిచి ఉన్నందువల్ల ఆ కాలపు జ్ఞాపకం వాటి చుట్టూనే తిరుగుతున్నది. అదే సీమలో, అదే ఏలుబడిలో వర్ధిల్లిన మరొక విద్యను మాత్రం మరచిపోయాము. అది వజ్రానికి సానపట్టే విద్య.

ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో దక్కను గనులను చూసి, 1676లో తన యాత్రాగ్రంథాన్ని ప్రచురించాడు. గోల్కొండకు అయిదు రోజుల ప్రయాణంలో, బిజాపూరు రాజ్యంలో ఉన్నదని ఆయన వ్రాసిన ‘రావల్కొండ’ గని కర్నూలుకు దక్షిణాన ఉన్న రామళ్ళకోటయేనని ఆ గ్రంథాన్ని 1889లో ఆంగ్లంలోకి తెచ్చిన వాలెంటైన్ బాల్ నిర్ణయించాడు. ఈ గుర్తింపుపై భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. అయితే రామళ్ళకోట చుట్టుపట్ల వజ్రపు గనులు నడిచిన మాట నిజం.

తావెర్నియే గనిని చూచి ఊరుకోలేదు. పనివారి ప్రక్కన నిలబడి పని చూచాడు. గని వద్ద సానపట్టేవారు చాలమంది ఉండేవారు. ఒక్కొక్కరికి భోజనపు పళ్ళెమంత ఉక్కు చక్రం ఒకటి. చక్రానికి ఒకే రాయి. రాతి ‘పొర’ దొరికేవరకు చక్రంపై నీళ్ళు పోస్తూనే ఉండేవారు. దొరికిన తరువాత నీటికి బదులు నూనె, దానితోపాటు వజ్రపు పొడి. పొడి ఖరీదైనదే అయినా వెనుదీసేవారు కారు. సానపట్టాక 103 కేరట్లు తూగిన ఒక పెద్ద రాయిపై 150 లీవ్రుల సీసం, అంటే సుమారు 73 కిలోలు, బరువుగా పెట్టగా తాను చూచినట్లు ఆయన వ్రాశాడు.

ఈ ‘పొర’ వెదకడంలోనే విద్య అంతా ఉన్నది. వజ్రం శుద్ధమైన బొగ్గుమూలకమే. కాని దాని అణువుల అమరిక వల్ల కాఠిన్యం అన్ని దిక్కులా ఒకేవిధంగా ఉండదు. ఒక దిక్కున ఎంత రాపిడి పెట్టినా అరగని రాయి, కొంచెం త్రిప్పి పట్టితే అరుగుతుంది. చక్రంపై చల్లిన పొడిలోని రేణువులు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి గనుక, వాటిలో గట్టి అంచు ఎదురైనవి రాతి మెత్తని దిక్కును కోస్తాయి. వజ్రాన్ని వజ్రమే కోస్తుందనే నానుడికి అర్థమిదే. అణువుల సంగతి తెలియకుండానే రామళ్ళకోట పనివాడు ఆ దిక్కును చేతి స్పర్శతో పట్టుకొన్నాడు.

రాయిని పరీక్షించే పద్ధతి ఇంకా విచిత్రం. ఐరోపావారు పగటి వెలుతురులో చూడగా, ఇక్కడివారు రాత్రివేళ చూచేవారు. గోడలో అడుగు చదరపు గూడు తొలిచి, లావు వత్తి వేసిన దీపం అందులో పెట్టి, రాయిని వ్రేళ్ళ మధ్య పట్టుకొని దాని నీటిని నిర్ణయించేవారు. ఫారసీలో ‘ఆబ్’ అన్నా, మన వర్తకులు ‘నీరు’ అన్నా ఒకటే మాట.

మచ్చలేని రాయి దొరికితే పైనా క్రిందా కొద్దిగా చక్రానికి తాకించి వదిలిపెట్టేవారనీ, బరువు తగ్గుతుందనే భయంతో ఆకారం తీర్చే సాహసం చేసేవారు కారనీ తావెర్నియే చెప్పాడు. లోపల మచ్చ ఉంటే మాత్రం, అది కనబడకుండా రాయినంతా పలకలతో కప్పేవారు. ఐరోపావారి వంటి సజీవమైన మెరుగు వీరు ఇవ్వలేరనీ, చక్రాలు సాఫీగా తిరగకపోవడమే కారణమనీ కూడా వ్రాశాడు. ఈ వాక్యాలను పట్టుకొని, దక్కను పనివారికి వజ్రం తీర్చడం చేతకాదని తీర్మానించడం తగదు. చక్రం లోపం ఒప్పుకోవలసినదే. కాని మచ్చ ఉన్న రాయికి చుట్టూ పలకలు తీర్చగలిగినవాడు మచ్చలేనిదానికి తీర్చలేడా? తావెర్నియే ఇచ్చిన ధర సూత్రంలోనే జవాబున్నది: వజ్రం విలువ బరువు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బరువు సగమైతే విలువ నాలుగో వంతుకు పడిపోతుంది. అటువంటి బజారులో రాయిని అరగదీయడానికి ఎవరు సాహసిస్తారు?

మీర్ జుమ్లా షాజహానుకు సమర్పించిన మహావజ్రం గతి చూడండి. ముడిరాయిగా 787½ కేరట్లు తూగిన దానిని తీర్చే పని హోర్తెన్సియో బోర్జియో అనే వెనిస్ నగరవాసికి అప్పగించారు. అతడు చీల్చవలసిన చోట చీల్చక, అంతా అరగదీశాడు. 1665లో ఔరంగజేబు దర్బారులో తావెర్నియే దానిని చేతిలోకి తీసుకొనేనాటికి మిగిలినది 280 కేరట్లు. పనివానికి కూలి దక్కలేదు సరికదా, పదివేల రూపాయల జరిమానా పడింది. రాయిని పాడుచేసినవాడు ఈ దేశపువాడు కాడని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

దక్కను దర్బారులు రాయి నుండి కోరినది వేరు. అహ్మద్‌నగర్ సుల్తాను బుర్హాన్ నిజాం షా హి.శ. 1000లో (క్రీ.శ. 1591–92) ఒక వజ్రంపై తన పేరు చెక్కించాడు. దానిపైనే హి.శ. 1051లో షాజహాను పేరు, హి.శ. 1242లో ఇరాను పాలకుడు ఫత్ అలీ షా పేరు చేరాయి. సుమారు 88 కేరట్ల ఆ ‘షా’ వజ్రం 1829లో రష్యా చక్రవర్తికి ముట్టి, నేడు క్రెమ్లిన్‌లో ఉన్నది. లోకంలోకెల్లా కఠినమైన రాతిపై ఫారసీ అక్షరాలను వంకర పోకుండా చెక్కిన హక్కాకు చేతిని అసమర్థపు చేయి అనడం కష్టం. పేరు వ్రాయడానికి విశాలమైన చదును పలక కావాలి; చిన్న చిన్న పలకలు తీర్చిన రాతిపై అది సాధ్యపడదు.

అయినా వెలుగు విషయంలో ఐరోపావారే ముందుకు పోయారు. వజ్రం లోపల పలకకు నిలువు గీత నుండి సుమారు 24½ డిగ్రీలకు మించి వాలుగా తగిలిన కిరణం బయటికి పోలేక వెనుకకు మళ్ళుతుంది. అడుగు మరీ పలచనైతే వెలుగు క్రిందికి జారిపోతుంది. మరీ లోతైతే ప్రక్కలకు పోతుంది. అడుగు పలకలు 40¾ డిగ్రీలు, పై పలకలు 34½ డిగ్రీలు వాలి ఉండాలని మార్సెల్ తొల్కోవ్‌స్కీ 1919లో లెక్కకట్టాడు. ఆ మెరుపుకు చెల్లించవలసిన వెల బరువే. కోహినూరు 1851 లండను ప్రదర్శనలో తగినంత మెరవలేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డాం పనివారు ఆవిరియంత్రంతో 38 రోజులు సానపట్టగా, నేటి తూకంలో 191 కేరట్ల రాయి 105.6కు దిగింది. మొగలులూ నాదిర్‌షా రంజిత్‌సింగులూ ధరించిన ఆకారం మరి లేదు.

కర్నూలు పడమటి మండలాలలో వజ్రాలు మాత్రం ఇంకా దొరుకుతున్నాయి. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాలలో జనం తలలు వంచి ఎర్రమట్టిని వెదకుతారు. కూలిపని మానుకొని, చెట్ల క్రింద వంట చేసుకొని రోజుల తరబడి ఉండేవారున్నారు. అదృష్టవశాత్తు దొరికిన రాయి ముడిరాయిగానే వర్తకుని చేతికి పోతుంది. దొరికినవానికి దాని లోపలి నీరు ఎంతటిదో తెలియదు. గోడ గూటిలో దీపం పెట్టి చూచి చెప్పేవారు ఆ ఊళ్ళలో లేరు.