తోట యింటి భయము

గూడవల్లి రామబ్రహ్మముగారు 1939లో ‘రైతుబిడ్డ’ తీసిననాడు తెలుగు చలనచిత్రమున పల్లె కష్టములకు నెలవే గాని భయమునకు నెలవు కాదు. తాతినేని ప్రకాశరావుగారి ‘పల్లెటూరు’ (1952) నందును అన్యాయము చేయువాడు, వానినెదిరించువాడు పట్టపగలే కనబడుదురు. విశ్రాంతికై వచ్చిన పట్టణవాసికి పల్లె విపరీతముగా తోచుట తరువాతి పరిణామము.

వంశీగారి ‘అన్వేషణ’ (1985) లో పక్షుల కూతలయందలి సంగీతమును పరిశోధింప నడవికి వచ్చిన యువతిని (భానుప్రియ), పులి పొట్టన పెట్టుకొన్నదని జనులు నమ్ముచున్న మరణములు చుట్టుముట్టును. ఇళయరాజాగారి సంగీతము చెట్టుచెట్టునకు దిగులు పుట్టించినను, ఆ మరణముల వెనుక మనిషి చేయి కలదని తుదకు తేలును గనుక ప్రేక్షకుడు ఊరట చెంది యింటికి పోగలడు.

ఆ యూరటను తీసివేసినది రామ్‌గోపాల్ వర్మగారి ‘దెయ్యం’ (1996). ఆయనదే యైన ‘రాత్రి’ (1992) కి దక్కిన పేరు దీనికి దక్కలేదు, నేటివారిలో దీనినెరిగినవారరుదు. నాకు మాత్రము ఇదియే ముఖ్యమైన చిత్రము. నగరపు రొద విడిచి, దూరముగా తోటలో నిల్లు సంపాదించుకొని సుఖింపగోరిన కుటుంబము. జయసుధ, మహేశ్వరి, జె.డి. చక్రవర్తి వంటి పరిచితుల ముఖములు, ప్రక్కనే శ్మశానము. పైరు పండిన నేల నగరవాసుల విడిదిగా మారుచున్న కాలమది. నేలను కొన్నవాడు దస్తావేజు చదువును గాని, అందు పూడ్చబడినవారినెరుగడు. ఆ యెరుగమియే యీ చిత్రమున దెయ్యమై లేచినదని నా నమ్మకము.

అట్టి యెరుగమి మా బిచ్కుంద వంటి యూళ్లలో లేదు. ఇచ్చట పొలిమేర యనగా తెలియని చీకటి కాదు. ఎవరి చేను ఎచ్చట ముగియునో, పోచమ్మకు బోనమెచ్చట దింపవలెనో పిల్లలకును తెలిసిన తావు. మంజీర పరీవాహమున తెలుగు, మరాఠీ, కన్నడములు కలిసి పలుకు సీమ మాది. ఇచ్చటివారికిని భయములు కలవు, కాని వానికి పేర్లును మొక్కులును కలవు. చిత్రములందలి పల్లెవాడో, అతిథిని హెచ్చరించి తెరమరుగగుచుండెను. ‘అడవి’ (2009) లో చిత్రీకరణకు వెళ్లిన బృందమునకు ఆ హెచ్చరికయు కొరగాలేదు. ‘విరూపాక్ష’ (2023) నందు సైతము తల్లితో జాతరకు వచ్చిన యువకుడే రుద్రవనమను ఊరి గుట్టు విప్పవలసివచ్చెను.

ఇందుకు భిన్నముగా అనిల్ విశ్వనాథ్‌గారి ‘మా ఊరి పొలిమేర’ (2021) చేతబడి యనుమానమును ఊరివారి నడుమనే, అన్నదమ్ముల యింటనే నిలిపినది. అందలి హింస నన్ను కలచివేసినను, చూచువాడును భయపడువాడును ఆ యూరివాడే యగుట వలన, ఎనుబదియేండ్లకు పైబడిన యీ చరిత్రలో దానికి ప్రత్యేక స్థానమీయక తప్పదు.