లైను నంబరు వేస్తే దాచుకునేది

బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లైను నంబర్లను చూసి ఇప్పటి కుర్రాళ్లు నవ్వుతారు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో 1964 మే 1న, తెల్లవారుజామున 4 గంటలకు బేసిక్ మొదటిసారి నడిచినప్పుడు విద్యార్థుల ముందున్నది తెర కాదు, కాగితం మీద కొట్టే టెలిటైపు. కాగితం మీద పడ్డదాన్ని వెనక్కి వెళ్లి దిద్దలేం కదా! అందుకే 30వ లైను తప్పయితే, మళ్లీ 30 వేసి కొత్తది కొట్టడమే. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ ఇద్దరూ లెక్కల ప్రొఫెసర్లు. సాహిత్యం చదివేవాళ్లకు కూడా కంప్యూటరు అందాలన్నది వాళ్ల పట్టుదల.

నేనూ లెక్కల మాస్టారినే. 1984-85లో మొదలైన 'క్లాస్' పథకం కింద కేంద్రం బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపితే, మా బడికొచ్చినవి నా నెత్తిన పడ్డాయి. స్విచ్ వేయగానే బీప్‌మని, 'బీబీసీ కంప్యూటర్ 32కె', దాని కింద 'బేసిక్', ఆ కింద బాణంమొన లాంటి గుర్తు. ప్రింట్ 2+2 అని కొడితే వెంటనే 4. అదే మాటకు ముందు 10 వేస్తే కిక్కురుమనకుండా దాచుకునేది. రన్ అన్నాకే పని. మాట తప్పు కొడితే 'మిస్టేక్' అనేది, అంతే. న్యూ కొట్టి ప్రోగ్రామంతా పోగొట్టుకున్నానని ఏడుపు మొహం పెట్టినవాడి చేత వెంటనే ఓల్డ్ కొట్టిస్తే తిరిగొచ్చేది! సోఫీ విల్సన్ ఆ బేసిక్‌ను, అసెంబ్లర్‌తో సహా, 16 కిలోబైట్ల రోమ్‌లో ఇరికించారు.

1991లో డాస్ 5తో క్యూబేసిక్ వచ్చింది. నంబర్లు అక్కర్లేదు. చిన్నక్షరాల్లో ప్రింట్ కొట్టి ఎంటర్ నొక్కితే పెద్దక్షరాలయ్యేది. మారలేదంటే ఎక్కడో తప్పుందని పిల్లలు చెప్పకుండానే పట్టేసేవారు. తెర అడుగున ఒక్క లైను అప్పటికప్పుడు నడిపి చూసుకునే చిన్న జాగా కూడా ఉంచారు.

2008 నాటి స్మాల్ బేసిక్ అందంగానే ఉంది. తాబేలు బొమ్మలు గీస్తుంది, కొట్టబోయే మాటను ముందే అందిస్తుంది. ఆ జాగా మాత్రం లేదు. 2+2 ఎంతో అడగాలన్నా ప్రోగ్రాం రాసి నడపాల్సిందే. నా దృష్టిలో అది చిన్న లోపం కాదు. కొత్త బేసిక్ తయారుచేసే బాబుల్లారా, లైను నంబర్లు తీసేయండి, నాకేం బాధ లేదు. పిల్లాడు అడిగీ అడగగానే జవాబిచ్చే ఆ ఒక్క లైను జాగా మాత్రం తీసేయకండి.