తలంబ్రాలలో థర్మోకోల్: వివాహ ద్రవ్యాల పూర్వాపరాలు





ముహూర్త నిర్ణయార్థం దేవాలయానికి వచ్చే కుటుంబాలలో ఇటీవల ఒక నూతన ప్రశ్న వినవచ్చుచున్నది. "పర్యావరణానికి హాని కలుగని రీతిలో వివాహం జరిపించవచ్చునా?" అని వధూవరులు అడుగుదురు. పెద్దలు మాత్రం సందేహిస్తారు. ఇది పరదేశపు పోకడయని, శాస్త్రంలో ఏదో ఒక అంగం లోపిస్తుందని, బంధువులలో చిన్నతనమగునని వారి భయం. ఈ భయానికి సమాధానం చరిత్రలోనే ఉన్నది. వివాహ సంస్కారానికి ఏ ద్రవ్యాలు విధింపబడినవి, మన ప్రాంతంలో ఏవి ఆచారంగా చేరినవి, వానిలో ఏవి ఎప్పుడు వచ్చినవి అనునది పరిశీలించినచో సందేహం దానంతట అదే తొలగిపోవును.

సూర్యాదేవి రథం

మన వివాహ మంత్రాలలో అనేకం ఋగ్వేదం పదవ మండలంలోని 85వ సూక్తం నుండి గ్రహింపబడినవి. అది సవితృదేవుని కుమార్తె అయిన సూర్యకు, సోమునకు జరిగిన వివాహ వర్ణనం. సాక్షాత్తు దేవతల వివాహం కదా, ఆ వధువు అధిరోహించిన రథం దేనితో నిర్మింపబడినది? సూక్తం రెండు వృక్షాలను పేర్కొనుచున్నది: కింశుకం, శాల్మలి. కింశుకమనగా మన మోదుగ; శాల్మలి యనగా బూరుగ. రెండును మన అడవులలో, పొలం గట్లపై కనబడే చెట్లే. అదే సూక్తంలో మరియొక భావన కలదు. వధువు పతిగృహానికి వెళ్ళునపుడు ఆమె మనస్సే శకటమైనదట, ఆకాశమే పైకప్పు అయినదట. వేదఋషి దృష్టిలో వివాహ వైభవమునకు హద్దు లేదు. కాని ఆ వైభవం చెట్టుతో, ఆకాశంతో నిర్మితమైనది.

గృహ్యసూత్రాలు అడిగిన సంభారం

ఆంధ్రదేశంలో కృష్ణయజుర్వేదీయులలో అధికులు ఆపస్తంబ సూత్రానుయాయులు. ఋగ్వేదులకు ఆశ్వలాయనం ప్రమాణం. ఈ గ్రంథాలలో వివాహానికి కావలసిన వస్తువులను వరుసగా వ్రాసికొన్నచో జాబితా ఆశ్చర్యకరంగా చిన్నది. అగ్ని, సమిధలు, ఆజ్యం, దర్భలు, జలం. వధువు దోసిలిలో సోదరుడు పోసే లాజలు, అనగా వరి పేలాలు. పాదం మోపుటకు ఒక రాయి, అదియే మన సన్నికల్లు. వధువు నడుమునకు కట్టే యోక్త్రం. ఆపస్తంబులకు ఎద్దుల కాడి, దాని రంధ్రం వద్ద ఉంచుటకు కొద్దిపాటి బంగారం. రాత్రి చూపవలసిన ధ్రువ నక్షత్రానికి, అరుంధతికి వెల లేదు.

ఈ జాబితాలో ఒక వ్యవస్థ కలదు. అగ్నిలో వేసినది భస్మమగును. జలం భూమిలో ఇంకును. పేలాలు ఆహుతియగును. కాడి పొలానికి, రాయి వంటయింటికి, బంగారం పెట్టెకు మరలిపోవును. కర్మ ముగిసిన పిదప మిగిలి, ఎచట వేయవలెనో తెలియని వస్తువు ఒక్కటియు లేదు. ఋషులు దీనిని "పర్యావరణం" అను పదంతో చెప్పలేదు. వారికట్టి అవసరం కలుగలేదు. అయినను గృహస్థ జీవనంలో ప్రవేశించువాని నియమాలను చెప్పు మనుస్మృతి నాల్గవ అధ్యాయం, జలంలో మలమూత్రాదులను, అశుచియైన వస్తువులను వేయరాదని స్పష్టంగా నిషేధించినది. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి, అన్నాన్ని నిందింపరాదని, తిరస్కరింపరాదని, దానిని వృద్ధి చేయవలెనని వ్రతంగా విధించినది.

కమ్మ, పాలిక, ఐరేని కుండ

సూత్రకారులు తాము చెప్పినదే సర్వస్వమని అనలేదు. వివాహంలో జనపద ధర్మాలు, గ్రామ ధర్మాలు అనేక విధాలుగా ఉండునని, వానిని పాటింపవలెనని ఆశ్వలాయనుడు చెప్పినాడు. ఆచారాలను స్త్రీల వలన తెలిసికొనవలెనని ఆపస్తంబుడు చెప్పినాడు. ఆ ద్వారం గుండానే మన తెలుగు ఆచారాలన్నియు వివాహంలో ప్రవేశించినవి. ఎందరో గమనింపని విషయమేమనగా, మంగళసూత్రధారణ సైతం ఈ గృహ్యసూత్రాలలో విధింపబడినది కాదు, అది దాక్షిణాత్యుల ఆచారం. కాని నేడు అది లేని వివాహాన్ని మనం ఊహింపలేము. బంగారం లేని యింట పసుపు దారమునకు పసుపు కొమ్ము కట్టినను మాంగల్యమే యగును.

ఇట్లు చేరిన ద్రవ్యాలన్నిటిని పరిశీలించండి. వివాహానికి ముందు అంకురార్పణం చేయుదుము. పుట్టమన్ను తెచ్చి, మట్టి పాలికలలో నింపి, నవధాన్యాలు చల్లుదుము. అనగా పెండ్లి పనులు విత్తనం నాటుటతో ప్రారంభమగుచున్నవి. తెలంగాణ ప్రాంతంలో కుమ్మరి యింటి నుండి మేళతాళాలతో రంగులు వేసిన ఐరేని కుండలను తెత్తురు. లష్కరు బోనాలలో అమ్మవారికి నైవేద్యం మోయు కుండ, పెండ్లి యింటికి వచ్చు కుండ ఒకే సారె మీద పుట్టినవి. శిరస్సున ఉంచునది జీలకర్ర, బెల్లం. ద్వారానికి మామిడాకు. ముంగిట పచ్చని కొమ్మల పందిరి.

భాషలోను ఈ స్మృతి నిలిచియున్నది. తెలుగులో "కమ్మ" యనగా తాటాకు. కమ్మ యనగా ఉత్తరం. కమ్మ యనగా చెవి ఆభరణం. ఒకే ఆకు పందిరియై నీడనిచ్చినది, లేఖయై వార్త మోసినది, చెవిని అలంకరించినది. సంస్కృతంలోని తాటంక శబ్దమునకు సువాసినీ లక్షణంగా ఎంత గౌరవమున్నదో మీకు తెలియును.

భోజన విషయంలో తెలంగాణలో మోదుగాకు విస్తరి, కోస్తాలో అరటియాకు, మన్యం ప్రాంతం నుండి వచ్చు అడ్డాకు విస్తరి ప్రసిద్ధములు. సూర్యాదేవి రథమైన కింశుకమే మన పెండ్లి పంక్తిలో విస్తరి యైనది. హోమంలో సమిధ యగుచున్నదియు అదే. ఆకు కోసిన కొమ్మ మరల చిగుర్చును. భుజించిన విస్తరి పశువుకో ఎరువుకో పోవును.

పూర్వపు పెండ్లిళ్ళన్నియు నిరాడంబరములని చెప్పుట మాత్రం సత్యం కాదు. ఐదు దినముల వివాహాలు, ఊరంతటికి భోజనాలు, దానికై చేసిన అప్పులు, తరతరాలు తీరని ఋణాలు మన సమాజంలో ఉండెను. కాని ఆ భారం గృహస్థునిపై పడినది, భూమిపై పడలేదు. నేడు రెండింటిపైనను పడుచున్నది.

లష్కరులో పందిరి పోయిన క్రమం

1798 నాటి సైన్య సహకార సంధి ననుసరించి ఆంగ్లేయుల సేన హుస్సేన్ సాగరానికి ఉత్తరాన విడిసినది. 1806లో ఆ స్థలానికి నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాదు అను నామం ఏర్పడినది. దండు విడిసిన చోటు గనుక జనులు లష్కరు అనిరి. అనేక ప్రాంతాల వారు వచ్చి స్థిరపడిన ఈ పట్టణంలో ఇండ్లు చిన్నవి, గల్లీలు ఇరుకు. అయినను నా బాల్యంలో పెండ్లి గల్లీలోనే జరిగెడిది. వీధికి అడ్డంగా గుంజలు పాతి, కొమ్మలు పరచి పందిరి వేసెడివారు. ఇరుగుపొరుగు గృహాల నుండి గుండిగలు, ఇత్తడి బిందెలు, గ్లాసులు ఎరువు తెచ్చి, పెండ్లి అనంతరం తోమి తిరిగి ఇచ్చెడివారు. మోండా మార్కెట్టు నుండి కూరలు, ఆకులు, పూలు తట్టలలో వచ్చెడివి.

తరువాత టెంటు హౌసు వచ్చినది, ఆ వెనుక ఫంక్షన్ హాలు. పంక్తి స్థానంలో బఫే నిలిచినది. గ్లాసు స్థానంలో ప్లాస్టిక్ కప్పు, ఆ పిదప ప్రతి అతిథికి ఒక చిన్న నీళ్ళ సీసా. మంటపానికి అరటి బోదెలు పోయి థర్మోకోల్ స్తంభాలు వచ్చినవి. ఈ థర్మోకోల్ 1950 ప్రాంతంలో జర్మనీ దేశంలో రూపుదిద్దుకొన్న పాలీస్టైరిన్ నురుగు. అది తేలిక, చౌక, తెల్లన. కాని మట్టిలో కలియదు, కాల్చినచో విషధూమం. సామగ్రిని పొదుపుగా వాడుటకు ఇరుగుపొరుగు సహాయం ఒక కాలంలో ఆధారమైనది. ఆ సహాయం తగ్గిన కొలది పారవేయు వస్తువులు పెరిగినవి. ఈ మార్పులో దోషం ఏ ఒక్కరిదని చెప్పజాలము. ఉద్యోగాలు, దూర నివాసాలు, సమయాభావం అన్నియు కారణాలే.

తలంబ్రాలు

ఈ మార్పు కేవలం అలంకారంతో ఆగినచో నేను ఇంతగా వ్రాసియుండను. అది కర్మాంగంలోనికే ప్రవేశించినది. తలంబ్రాలు అను పదాన్ని విడదీయండి: తల, ప్రాలు. ప్రాలు అనగా బియ్యం. వధూవరులు పరస్పరం శిరస్సులపై పోసికొనునది ధాన్యసమృద్ధి, సంతానసమృద్ధి, పశుసమృద్ధి అను సంకల్పం. నేడు విపణిలో లభించు తలంబ్రాల పొట్లాలలో రంగురంగుల థర్మోకోల్ పూసలు, మెరుపు తునకలు బియ్యంతో కలిసియుండుట, కొన్ని చోట్ల బియ్యం కంటె అవే అధికంగా ఉండుట ప్రతి ముహూర్తంలోను చూచుచున్నాను. మంత్రం సమృద్ధిని కోరుచున్నది. దోసిలిలో ఉన్నది మొలకెత్తని వస్తువు. పెండ్లి ముగిసిన పిదప ఊడ్చిన తలంబ్రాలు పూర్వం పక్షులకు, చీమలకు ఆహారమయ్యెను. ఈ పూసలను ఏ ప్రాణికి పెట్టగలము?

మరియొక వైపు భద్రాచలాన్ని చూడండి. శ్రీరామనవమి నాడు మిథిలా ప్రాంగణంలో జరుగు శ్రీ సీతారామ కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వం పక్షాన సమర్పింపబడును. కుతుబ్‌షాహీ ప్రభువు తానీషా కాలం నుండి ఈ సంప్రదాయం వచ్చినదని ప్రసిద్ధి. ఆ కల్యాణానికే గోదావరి జిల్లాలలోని కోరుకొండ ప్రాంత భక్తులు గోటి తలంబ్రాలు తెత్తురు. దాని కొరకే వరి పండించి, రోకలి తగులనీయక, ఒక్కొక్క గింజను గోటితో ఒలిచి, రామనామం చేయుచు సిద్ధం చేయుదురు. జగత్ప్రభువు కల్యాణంలోను తలంబ్రమనగా బియ్యపు గింజయే. ముత్యం దానికి తోడు వచ్చినది గాని దాని స్థానాన్ని ఆక్రమింపలేదు.

ఆచారం అనగా నేమి?

"పంతులుగారూ, కాలం మారినది, మంగళసూత్రం ఆచారంగా వచ్చినట్లే ఇవియును వచ్చినవి కదా" అని కొందరు వాదింతురు. ఈ వాదం త్రోసిపుచ్చదగినది కాదు. కాని ఆశ్వలాయనుడు అనుమతించినది జనపద ధర్మాన్ని. జనపదమనగా ఒక నేల, ఆ నేలపై జీవించు జనం. పసుపు కొమ్ము ఆ నేలలో పండినది. ఐరేని కుండ ఆ నేల మట్టి. మోదుగ విస్తరి ఆ అడవి ఆకు, దానిని కుట్టిన చేతులకు అన్నం. పైగా ప్రతి ఆచార ద్రవ్యానికి ఒక సంకల్పం ఉన్నది. థర్మోకోల్ పూసకు జనపదం లేదు, సంకల్పం లేదు. అందుచేత అది ఆచారం కాజాలదు; అలవాటు మాత్రమే.

ఇంకొక సాక్ష్యం మన కండ్ల ముందరనే జరిగినది. 2020లో మహమ్మారి కాలాన వివాహానికి 50 మందికి మించి చేరరాదని కేంద్ర ప్రభుత్వం ఆదేశించినది. వేదికలు లేవు, బఫేలు లేవు. పాణిగ్రహణం, లాజహోమం, సప్తపది, అరుంధతీ దర్శనం మాత్రం యథావిధిగా జరిగినవి. ఆ దంపతుల వివాహంలో ఏ శాస్త్రాంగం లోపించినదని ఎవరైనను చెప్పగలరా?

రాజశాసనం సైతం నేడు ఇదే దిశలో ఉన్నది. 2021 ఆగస్టు 12న ప్రకటించిన ప్లాస్టిక్ వ్యర్థ నిర్వహణ సవరణ నియమాల ప్రకారం 2022 జులై 1 నుండి అలంకరణకు వాడు థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్ళెములు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, మిఠాయి పెట్టెలకు ఆహ్వాన పత్రికలకు చుట్టు ప్లాస్టిక్ పొర దేశమంతట నిషిద్ధములు. ఆ జాబితా పెండ్లి సామాను పట్టికవలె ఉండుట మనం ఆలోచింపదగిన విషయం.

గృహస్థులకు విన్నపం

ముహూర్తం నిశ్చయించిన నాడే ఈ కొన్నింటిని నిర్ణయించుకొనండి. తలంబ్రాలు బియ్యం, పసుపు, నేయి కలిపి ఇంటిలోని సువాసినుల చేత సిద్ధం చేయించండి, గంట పని. మంటపానికి అరటి బోదెలు, కొబ్బరి మట్టలు, మామిడి తోరణాలు, బంతిపూలు చాలును. భోజనానికి అరటియాకు గాని, మోదుగ, అడ్డాకు విస్తళ్ళు గాని తెప్పించండి. కాగితపు పళ్ళెములు చూచుటకు ఆకు వలె ఉన్నను లోపల ప్లాస్టిక్ పొర ఉండునవి కలవు, పరీక్షించి తీసికొనండి. నీటికి స్టీలు గ్లాసులు అద్దెకు లభించును. దగ్గరి పెద్దలకు మాత్రం పసుపు కుంకుమలద్దిన శుభలేఖ, తక్కినవారికి ఫోనులో ఆహ్వానం. వంటవానికి అతిథుల సంఖ్య నిజంగా చెప్పండి; మిగిలిన అన్నం ఎవరికి చేరవలెనో ముందే ఏర్పరచండి. పూలను చెరువులో గాక మొక్కల పాదులో వేయండి. పాలికలలోని మొలకలను అత్తవారింటి పెరటిలోనో కుండీలోనో నాటించండి.

ఒక మాటతో విరమింతును. వివాహంలో గోదానాన్ని గూర్చి సంకల్పం చెప్పి, ఆ రాత్రియే హాలు వెనుక కుప్పలో అన్నం అంటిన ప్లాస్టిక్ సంచిని ఆవు నమలుచుండగా చూచి ఊరకుండుట ధర్మం కాదు. దానమిచ్చిన చేయియే ఆ సంచిని పారవేసినది. నూతన గృహస్థు చేయు మొదటి కర్మ నిర్దోషంగా ఉండవలెనని కోరువారు, తమ పెండ్లి పిదప భూమిపై ఏమి మిగులునో ముందుగా లెక్క చూచుకొందురు గాక.

స్వస్తి.