లింక్స్: సాగుకు రాని నేల, ఉమ్మడి హక్కు

స్కాట్లండు తీరంలో సముద్రానికీ పంటపొలాలకూ నడుమ గడ్డి పట్టిన ఇసుక తిన్నెలను ‘లింక్స్’ అంటారు. రాయలసీమ గ్రామాల మేతపోరంబోకు వలె ఇవీ సాగుకు పనికిరాని ఉమ్మడి నేలలే. ఇసుకలో వాననీరు నిలవదు; సారం తక్కువ కనుక ఫెస్క్యూ, బెంట్ వంటి సన్నని గడ్డి మాత్రమే పెరుగుతుంది. పశువులు, కుందేళ్లు దానిని పొట్టిగా మేసేవి. గోల్ఫ్ బంతి చక్కగా దొర్లే గట్టినేల అలా ఏర్పడింది.

సెయింట్ ఆండ్రూస్‌లో కుందేళ్ల పెంపకానికి అనుమతి పొందిన ఆర్చిబిషప్ హామిల్టన్, పురజనులు అక్కడ గోల్ఫ్ ఆడుకొనే హక్కును 1552 నాటి పత్రంలో అంగీకరించాడు. 1797లో అప్పులపాలైన పట్టణం ఆ నేలను వదులుకోగా, కుందేళ్ల పెంపకందారులకూ ఆటగాళ్లకూ వివాదం చెలరేగింది. 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి దానిని కొని ఆటను కాపాడాడు. 1894 నాటి పార్లమెంటు చట్టంతో అది తిరిగి పట్టణపరమైంది. పచ్చికను రూపొందించినది ఇసుక. మైదానాన్ని నిలిపినది ఉమ్మడి హక్కు.